ఐఎన్‌ఎఫ్‌జె మనస్తత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లు ఇంటర్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. వెనక బెంచీలో కూర్చుని ఏడాది పొడవునా నోరు విప్పకుండా, చివరి రోజు నాలుగు పేజీల ఉత్తరం రాసి చేతిలో పెట్టి వెళ్లిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగిలేవారు. నేనూ చిన్నప్పుడు అలాంటి పిల్లనే. ఆ తర్వాత ఒక వ్యక్తిత్వ పరీక్ష రాస్తే నాకు వచ్చిన నాలుగు అక్షరాలు ఐఎన్‌ఎఫ్‌జె. అప్పటి నుంచి తల్లిదండ్రులు, భార్యాభర్తలు, ముఖ్యంగా ఆ పిల్లలే నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి.

ఐఎన్‌ఎఫ్‌జె అంటే ఏమిటి?

మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష మనుషులను పదహారు రకాలుగా విడదీస్తుంది. అందులో ఒక రకానికి పెట్టిన గుర్తు ఇది. నాలుగు అక్షరాలూ నాలుగు ప్రశ్నలకు జవాబులు. మీ మనసు తేరుకునేది నలుగురిలోనా, ఏకాంతంలోనా? ఏకాంతంలో అయితే ఐ, అంటే అంతర్ముఖి. దృష్టి ముందు పడేది కంటికి కనిపించే వివరాల మీదా, వాటి వెనక ఉన్న అర్థం మీదా? అర్థం మీద అయితే ఎన్. నిర్ణయం తీసుకునేటప్పుడు ముందు గుర్తొచ్చేది తర్కమా, మనుషుల మంచిచెడ్డలా? మనుషులైతే ఎఫ్. రోజు ఒక పద్ధతి ప్రకారం గడవాలా, ఎప్పటికప్పుడు చూసుకుందామా? పద్ధతి కావాలంటే జె.

ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో మీ ఇంట్లోనే చూసి ఉంటారు. పదిమందిలో పెదవి విప్పరు. కానీ ఆ పదిమందిలో ఎవరి కళ్లు ఎర్రబడి ఉన్నాయో ఇంటికి తిరిగొచ్చాక చెబుతారు. కొత్తవాళ్లకు ముభావంగా కనిపిస్తారు. నమ్మకం కుదిరిందా, అర్ధరాత్రి దాటినా కబుర్లు ఆగవు. అవి కూడా సినిమాల గురించో చీరల గురించో కాదు, చావు, దేవుడు, న్యాయం, చిన్నప్పటి భయాలు.

ఈ పద్ధతి ఎవరిది?

స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనుషుల మనస్తత్వ రకాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న విభజన లోకానికి పరిచయమైంది దానితోనే. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఇల్లాలు అంతకు ముందే సొంతంగా ఇలాంటి ఆలోచనలు చేస్తూ ఉన్నారు. కూతురు ఇసబెల్‌కు కాబోయే భర్త తమ ఇంటివాళ్లకు పూర్తి భిన్నంగా ఆలోచించడం ఆమెను ఆ దారి పట్టించింది. 1923లో యుంగ్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చేసరికి, తాను వెతుకుతున్నది అందులో దొరికినట్టయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ దాన్ని ప్రశ్నపత్రంగా మలచడం మొదలుపెట్టారు. 1962లో అది ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ ద్వారా అచ్చయింది. పద్ధతి కావాలా వద్దా అని చెప్పే నాలుగో అక్షరం ఈ తల్లీకూతుళ్లు చేర్చినదే.

ఇద్దరికీ మనస్తత్వశాస్త్రంలో పట్టాలు లేవు. విమర్శకులు ఈ మాట ఎత్తి చూపుతుంటారు, అది న్యాయమే. కానీ ఒక అత్తగారు అల్లుణ్ణి తప్పుపట్టకుండా, అతను ఎందుకు అలా ఉన్నాడో తెలుసుకుందామని కూర్చోవడం దగ్గర ఇదంతా మొదలైందని తలచుకుంటే నాకు ఆమె మీద గౌరవం కలుగుతుంది.

ఇది నిజంగా అంత అరుదా?

అమెరికాలో ఈ పరీక్ష కరదీపిక 1998లో మూడోసారి వెలువడినప్పుడు, దేశవ్యాప్త నమూనాలో ఐఎన్‌ఎఫ్‌జెలు 1.5 శాతంగా తేలారు. రెండు వందల మందిలో ముగ్గురు. అదే నమూనాలో అందరికంటే ఎక్కువగా ఉన్నది, రెండో అక్షరంలో మాత్రమే తేడా ఉన్న ఐఎస్‌ఎఫ్‌జెలు, నూటికి దాదాపు పద్నాలుగు మంది. ‘అత్యంత అరుదైన వ్యక్తిత్వం’ అనే మాట ఈ లెక్క నుంచే పాకింది. అది అమెరికా పెద్దవాళ్ల లెక్క. దాన్ని తెచ్చి గుంటూరుకో వరంగల్‌కో అతికించకూడదు.

అరుదు అన్న మాట వినగానే కొందరు పిల్లల ముఖం వెలిగిపోతుంది. వాళ్లను కూర్చోబెట్టి చెప్పేది ఒకటే: అరుదుగా ఉండటం గొప్పతనానికి గుర్తేమీ కాదు, దాని వల్ల కలిగే ఇబ్బంది మాత్రం నిజం. ఇంట్లో అందరూ గలగలా మాట్లాడేవాళ్లయి తానొక్కతే మౌనంగా ఉంటే, తనలో ఏదో లోపం ఉందని ఆ పిల్ల పదేళ్ల వయసుకే నమ్మేస్తుంది. ఎవరూ కావాలని చెప్పరు. ‘దీని నోట్లో నాలుక లేదు’ అని ప్రేమగా అన్నదే మనసులో ముల్లులా దిగుతుంది.

మాట్లాడకపోవడం సిగ్గా, పొగరా?

రెండూ అయ్యే అవసరం లేదు. సిగ్గులో భయం ఉంటుంది: ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న బెదురు. సిగ్గరికి నలుగురిలో కలవాలనే ఉంటుంది, అడుగు పడదు. అంతర్ముఖికి ఆ బెదురు లేకపోవచ్చు. ఎనభై మంది పిల్లల ముందు గంటసేపు ధాటిగా పాఠం చెప్పి, స్టాఫ్ రూములో చివరి కుర్చీ వెతుక్కునే ఉపాధ్యాయులు ఎంతమంది లేరు? బ్రిటన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ 1967లో ఒక వివరణ ఇచ్చారు. అంతర్ముఖుల మెదడు మామూలుగానే ఎక్కువ మేల్కొని ఉంటుందని, అందుకే కాస్త సందడికే నిండిపోతుందని ఆయన అన్నారు. ఆ తర్వాతి పరిశోధనలు ఇందులో కొంత బలపరిచాయి, కొంత సందేహించాయి. సందడి తర్వాత అలసట రావడం మాత్రం అనుభవించినవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పొగరు అనే మాట చాలా తేలిగ్గా వాడతాం. పలకరిస్తే పొడిపొడిగా జవాబిచ్చిన అమ్మాయి పొగరుబోతు, నవ్వకుండా వెళ్లిపోయిన అల్లుడు పెడసరం మనిషి. ఒక్క క్షణం ఆగి ఆ మనిషి ఉదయం నుంచి ఎంతమందిని పలకరించి వచ్చారో ఆలోచించండి.

మనుషులకు దూరంగా ఉండేవాళ్లకు మనుషులంటే పట్టింపు ఎలా ఉంటుంది?

అందరూ తికమకపడేది ఇక్కడే. మా బంధువుల ఇంట గృహప్రవేశంలో జరిగింది చెబుతాను. మా చిన్నాన్న కూతురు హాల్లో పది నిమిషాలు నిలబడి, నలుగురికి నమస్కారం పెట్టి కనబడకుండా పోయింది. భోజనాల వేళకు అందరూ ఒకటే గొణుగుడు, ‘ఎవరితోనూ మాట్లాడదు, వచ్చి ఏం లాభం?’ అని. వెతుక్కుంటూ వెళితే పెరట్లో వంటవాళ్ల దగ్గర ఉంది. వెల్లుల్లి చాట ముందేసుకుని, మా మేనత్త పక్కన పీట మీద కూర్చుని ఒలుస్తోంది. అత్తయ్య కొడుకు పోయి అప్పటికి మూడేళ్లు. ఆ మూడేళ్లలో శుభకార్యంలో అశుభం ఎందుకని ఎవరూ ఆ పేరెత్తలేదు. ఈ పిల్ల ఎత్తింది. వాడికి ఏ కూర ఇష్టమని అడిగిందట. రెండు గంటల పాటు అత్తయ్య కొడుకు గురించి చెబుతూనే ఉంది, ఈ పిల్ల వెల్లుల్లి ఒలుస్తూ వింటూనే ఉంది. వేళ్ల కొసలు మండి ఎర్రబడినా లేవలేదు.

హాల్లో ఉన్న నూటయాభై మందిలో ఆ రోజు ఒక మనిషితో నిజంగా మాట్లాడింది ఎవరు?

యుంగ్ పరిభాషలో చెబితే ఈ రకంలో అన్నిటికంటే బలమైనది లోపలికి తిరిగిన అంతఃస్ఫురణ, అంటే వెనక ఉన్న అర్థాన్ని పట్టుకునే ఆ ఎన్. దానికి తోడు బయటికి, ఎదుటి మనిషి వైపు తిరిగిన భావన. అందుకే వీళ్లు ఆలోచించేది ఒంటరిగా, ఆలోచించేది మాత్రం మనుషుల గురించే. గుంపు వీళ్లను అలసిపోయేలా చేస్తుంది. ఒక్క మనిషి, ఒక్క నిజమైన మాట తేరుకునేలా చేస్తుంది.

ఎదుటివాళ్ల మనసు వీళ్లకు ముందే తెలిసిపోతుందంటారు, నిజమా?

ఇందులో మహిమ ఏమీ లేదు. గొంతులో చిన్న తడబాటు, కప్పు కింద పెట్టిన తీరు, నవ్వు కళ్ల దాకా రాకపోవడం: ఇలాంటివి నిత్యం గమనిస్తూ ఉంటారు. అవన్నీ లోపల ఎక్కడో కూడికై ఒక్కసారి జవాబుగా పైకి వస్తాయి. దారి కనబడక జవాబు మాత్రమే కనబడుతుంది కాబట్టి, ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేరు.

ప్రమాదమూ అక్కడే ఉంది. ఆ జవాబు తప్పైనా అంతే గట్టిగా అనిపిస్తుంది. అక్కకు నా మీద కోపం వచ్చిందని నేను నెల రోజులు కుమిలిపోయాను. తీరా అడిగితే ఆ రోజు తనకు పంటినొప్పి. మీరూ ఈ కోవలోని వారైతే దయచేసి అడిగి తెలుసుకోండి. ‘నీ మనసేమైనా నొచ్చుకుందా?’ అన్న మూడు ముక్కలు ఎన్నో నిద్రలేని రాత్రులను తప్పిస్తాయి.

కాదని ఎందుకు చెప్పలేకపోతారు?

మొహమాటం. ఈ మాటకు సరితూగే పదం వేరే భాషలో ఉందో లేదో గానీ, మనం దీనితోనే పుట్టి పెరుగుతాం. మొహమాటం ఎవరికైనా ఉంటుంది. ఐఎన్‌ఎఫ్‌జెకు అది రెండింతలు, ఎందుకంటే కాదన్నప్పుడు ఎదుటి ముఖంలో కదిలే చిన్న నొప్పి వీళ్లకు తప్పకుండా కనబడుతుంది. అది చూడలేక అవునంటారు. ఆదివారం మధ్యాహ్నం బంధువులు వస్తామన్నా అవునే, పక్కింటివాళ్లు పిల్లలకు లెక్కలు చెప్పమన్నా అవునే. రాత్రికి వీళ్లలో మిగిలేది ఏమీ ఉండదు.

నా విద్యార్థినులకు ఒక చిన్న ఉపాయం నేర్పేదాన్ని. అడిగిన వెంటనే జవాబివ్వకండి, ‘చూసుకుని సాయంత్రం చెబుతాను’ అనండి. ఎదుటి ముఖం కళ్లముందు లేనప్పుడు మనకు ఏం కావాలో మనకే తెలుస్తుంది. సాయంత్రం మాత్రం తప్పకుండా చెప్పాలి. తప్పించుకు తిరగడం కాదనడం కంటే ఎక్కువ బాధిస్తుంది.

ఉన్నట్టుండి బంధం తెంచుకుంటారట, ఎందుకు?

ఈ రకం వాళ్ల గురించి చెప్పుకునే వాటిలో ఇదొకటి: తలుపు మూసేస్తారని. పరిశోధనలు తేల్చిన లక్షణం కాదు, అనుభవాల్లోంచి పుట్టిన మాట. నా జీవితంలో ఒకసారి జరిగింది. ఒక స్నేహితురాలు నాలుగేళ్ల పాటు చేబదులు తీసుకుంటూ వచ్చింది. తీసుకున్నది తిరిగి ఇవ్వలేదని నాకు బాధ లేదు. అవసరం ఉన్నప్పుడే నేను గుర్తొస్తానన్నదే బాధ. ఒక రోజు ఆమె పేరు ఫోనులో వెలిగింది. చూస్తూ ఉండిపోయాను, ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమెకు అది ఉన్నట్టుండి జరిగింది, నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ‘నాకు కష్టంగా ఉంది’ అని నేను అనలేదు. తెలుసుకుంటుందిలే అనుకున్నాను, నేను తెలుసుకుంటాను కదా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకు నేను అన్యాయం చేశాననే అనిపిస్తుంది. మనసుకు గాయాలు చేసే మనిషి దగ్గర తలుపు వేసుకోవడం తప్పు కాదు, వేసే ముందు ఒక్కసారైనా నోరు విప్పి చెప్పాలి.

వీళ్లకు అన్నిటికంటే అవసరమైనది ఏమిటి?

ఏకాంతం. ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. తెలుగులో రెండు మాటలు ఉండటం మన అదృష్టం. ఒంటరితనం మీద పడుతుంది, ఏకాంతం మనం కోరుకుంటాం. మన ఇళ్లలో ఏకాంతానికి చోటు తక్కువ. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే ఎవరి తలుపు ఎక్కడ మూస్తారు? అయినా దారులు ఉంటాయి. తెల్లవారుజామున అందరూ లేవకముందు డాబా మీద అరగంట, బస్సులో కిటికీ పక్క సీటు, గుడికి వెళ్లి దర్శనం అయ్యాక మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చోవడం. ఇంట్లోవాళ్లు చేయవలసిందల్లా ఆ అరగంటను అలకగా లెక్కవేయకపోవడమే.

ఆ తర్వాత కావలసినది అర్థం. చేస్తున్న పని ఎవరికో పనికొస్తుందని తెలిస్తే ఎంత కష్టమైనా పడతారు. అది లేని చోట మంచి జీతం వచ్చినా లోపల ఎండిపోతారు. ముందుగా చెప్పడం కూడా చిన్న విషయం కాదు. ‘పద, ఇప్పుడే బయల్దేరాలి’ అంటే కాళ్లు కదలవు. అదే ప్రయాణం నిన్న చెప్పి ఉంటే అందరికంటే ముందు సంచి సర్దుకుని నిలబడతారు.

మా అమ్మాయి గది తలుపు వేసుకుని కూర్చుంటుంది, మాట్లాడించాలా వద్దా?

మాట్లాడించండి, కానీ నిలబెట్టి ప్రశ్నించకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘ఏమైంది, చెప్పు’ అంటే ఈ పిల్లలు బిగుసుకుపోతారు. చేతికి ఏదైనా పని ఉండి, చూపు ఎక్కడో ఉన్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, స్కూటరు మీద వెనక కూర్చుని వస్తూనో వాళ్లు చెప్పినన్ని సంగతులు గదిలో కూర్చోబెడితే చెప్పరు. వచ్చిన చుట్టాల ముందు పాట పాడమనో, పద్యం చెప్పమనో బలవంతం చేయకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. ఆ పోలిక వాళ్లు నలభై ఏళ్లకు కూడా మరచిపోరు.

భార్యాభర్తల్లో ఒకరు ఇలా, మరొకరు కలుపుగోలు మనిషి అయితే?

చాలా జంటలు అలాగే ఉంటాయి, బాగానే ఉంటాయి. పెళ్లిళ్లకు ఇద్దరూ కలిసి వెళ్లి, ఒకరు భోజనం కాగానే ఇంటికి వచ్చేసే ఏర్పాటు ముందే అనుకుంటే సగం గొడవలు ఉండవు. ఆఫీసు నుంచి రాగానే మొదటి ఇరవై నిమిషాలు ఏమీ అడగకూడదని ఒప్పందం పెట్టుకున్న దంపతులు నాకు తెలుసు. ఇరవయ్యొకటో నిమిషానికి ఆయనే కాఫీ కలిపి తెచ్చి కబుర్లు మొదలుపెడతారు.

ఇలాంటివాళ్లకు ఏ ఉద్యోగాలు నప్పుతాయి?

బోధన, కౌన్సెలింగ్, వైద్యం, రచన అని జాబితాలు చెబుతాయి. వాటిని పట్టుకుని బతుకు నిర్ణయించుకోకండి. ఈ పరీక్షను నిర్వహించే సంస్థలే ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి దీన్ని వాడటం తగదని చెబుతున్నాయి. ఎవరైనా ఇంటర్వ్యూలో మీ నాలుగు అక్షరాలు అడిగి దాని మీద నిర్ణయం తీసుకుంటే పొరపాటు వాళ్లది. పని పేరు కంటే పని జరిగే తీరు చూసుకోండి: తలుపున్న గదో, కనీసం గోడ వైపు బల్లో ఉందా, మధ్యలో ఎవరూ కదిలించకుండా గంటసేపు పనిచేసుకోనిస్తారా అని.

ఇది శాస్త్రీయమేనా?

సూటిగా చెబుతాను. పరిశోధనలు చేసే మనస్తత్వవేత్తల్లో ఎక్కువమంది దీన్ని బలమైన కొలమానంగా ఒప్పుకోరు. మనుషులు అంతర్ముఖులు, బహిర్ముఖులు అని రెండు పెట్టెల్లో పడరు. ఎక్కువమంది నడిమధ్యనే ఉంటారు. నడిమధ్య ఉన్నవారికి ఇవాళ ఒక అక్షరం వస్తే వచ్చే నెల మరొకటి రావచ్చు. ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తే సగం మంది దాకా వేరే రకంలోకి మారినట్టు కొన్ని అధ్యయనాల్లో తేలింది. పరిశోధకులు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్ అనే ఐదు లక్షణాల నమూనా. అందులో పెట్టెలు ఉండవు, కొలబద్ద మీద మీరు ఎక్కడ ఉన్నారన్నదే ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరికి వారి ఫలితం అంటూ కాగితాలు ఇచ్చారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు అవి. తమకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. వారఫలాలు చదివి ‘అచ్చం నాకే రాసినట్టుంది’ అనుకునే మనకు ఇది కొత్త కాదు. ‘మీరు బయటికి ధైర్యంగా ఉన్నా లోపల సున్నితం’ అనే వాక్యం ఎవరికి సరిపోదు?

మరి నేను ఇదంతా ఎందుకు రాస్తున్నాను? నాకు ముప్పై నాలుగో ఏట ఈ పరీక్ష ఒక మాట ఇచ్చింది. ‘నాకు కాసేపు ఒంటరిగా ఉండాలి’ అని తప్పు చేసినట్టు కాకుండా అడగడానికి ఆ మాట పనికొచ్చింది. అంతవరకే దాని విలువ. అంతకు మించి దాన్ని జాతకంలా మోయకండి.

గాంధీజీ ఐఎన్‌ఎఫ్‌జె అని చదివాను, నిజమేనా?

ఆయన 1948లో మరణించారు, పరీక్ష అచ్చయింది 1962లో. ఇలాంటి జాబితాలు ఊహలు. అయితే ఆయన చిన్నప్పుడు మహా బిడియస్తుడని, సభలో మాట్లాడటానికి లేచి గొంతు పెగలక కూర్చున్నారని ఆయనే రాసుకున్నారు. ఆ బిడియమే తనకు మాటల్లో పొదుపు నేర్పిందనీ అన్నారు. తర్వాతి కాలంలో సోమవారాలు మౌనం పాటించేవారు, ఎవరైనా వస్తే కాగితం మీద రాసి జవాబిచ్చేవారు. మౌనం కావాలని అడగడానికి వెనకాడే పిల్లలకు నేను ఈ సంగతి చెబుతాను, నాలుగు అక్షరాల ఊసెత్తకుండా.

ఇది స్వభావమా, డిప్రెషనా? ఎలా గుర్తించాలి?

ఏకాంతం తర్వాత మనిషి తేలికపడి బయటికి వస్తే అది స్వభావం. గదిలోంచి వచ్చినా ముఖం అలాగే ఉండి, ఇష్టమైన పుస్తకం, పాట, తిండి కూడా రుచించకపోతే, నిద్ర చెడిపోయి అది రెండు వారాలు దాటితే, ‘దాని స్వభావమే అంత’ అని ఊరుకోవద్దు. నెమ్మదైన పిల్లల్లో ఈ మార్పు ఎవరి కంటా పడదు, ముందు నుంచీ మౌనంగానే ఉంటారు కాబట్టి. ఆలస్యం చేసి బాధపడిన తల్లిదండ్రులను నేను చూశాను. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట నోటి వెంట వస్తే రేపటిదాకా ఆగకండి.

ఇలాంటి మనిషికి దగ్గర కావాలంటే ఏం చేయాలి?

తొందరపడకండి. పది ప్రశ్నలు అడిగే బదులు మీ గురించి ఒక నిజం చెప్పండి, చిన్నదైనా సరే. వాళ్లు వెంటనే బదులు చెప్పకపోతే ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపేయకండి. వింటున్నారు. మా మేనత్త ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ అరిసెలు చేసి, మా చిన్నాన్న కూతురికని విడిగా ఒక డబ్బా కట్టి ఉంచుతుంది. ఆ పిల్ల వచ్చాక ఇద్దరూ పెరట్లో కూర్చుంటారు. ఏం మాట్లాడుకుంటారో మాకు వినబడదు. కాసేపటికి అత్తయ్య నవ్వు మాత్రం వినబడుతుంది.